అటక మీది డెక్కు, బీరువాలోని పెళ్లి క్యాసెట్లు

ప్రశ్న: మాది కావలి. మా మామగారు 1994లో కువైట్ నుంచి వస్తూ తెచ్చిన నేషనల్ వీసీఆర్ ఇంట్లో ఉంది. చాలా ఏళ్లుగా అటక మీదే. బీరువా అడుగు అరలో పద్నాలుగు క్యాసెట్లున్నాయి. మా పెళ్లి (1997), పిల్లల అన్నప్రాసనలు, మామగారి షష్టిపూర్తి, కొన్ని సినిమాలు. రెండు క్యాసెట్లకు కిటికీలోంచి చూస్తే రీలు మీద తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఇంకొకటి మా ఆడపడుచు అమెరికాలో తన సీమంతం తీయించి పంపింది. అప్పట్లో మా డెక్కులో వేస్తే బొమ్మ నలుపు తెలుపులో పైకీ కిందికీ దొర్లింది, పక్కన పెట్టేశాం. మామగారు ఇప్పుడు లేరు. ఆయన గొంతు ఆ షష్టిపూర్తి క్యాసెట్లో తప్ప ఇంకెక్కడా లేదు. మా వారేమో 'ప్లగ్గు పెట్టి చూద్దాం, పోయేదేముంది' అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మెకానిక్ ఒకాయన పార్టులు దొరకవు, పారేయమన్నారు. ఫొటో స్టూడియో అబ్బాయి అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? పని అయ్యాక డెక్కు అమ్మేయొచ్చా?

జవాబు: పోయేదేమీ లేకపోతే నేనూ ప్లగ్గు పెట్టి చూడమనేవాణ్నే. కానీ పోయేది ఉందని మీ ఉత్తరంలోనే రాశారు. ఏళ్ల తరబడి కదలని డెక్కు, అందులో మొదట వేసిన క్యాసెట్‌ను నమిలేయొచ్చు. ఆ మొదటి క్యాసెట్ షష్టిపూర్తిది కాకూడదు. అందుకని ఈ వారం ప్లగ్గు జోలికి పోకండి. ముందు క్యాసెట్ల సంగతి చూసుకోండి. తర్వాత డెక్కును సిద్ధం చేయించండి. పోయినా బాధ లేని సినిమా క్యాసెట్‌తో దాన్ని పరీక్షించండి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు మీవి వేయండి. వేసిన మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి. 'ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేసి, ఎక్కించే సంగతి తర్వాత చూద్దాం' అంటారు చూడండి, అక్కడే చాలామంది నష్టపోయారు. పాత రీలు మొదటిసారి శుభ్రంగా ఆడి, రెండోసారికి పొడి రాల్చడం మామూలే.

క్యాసెట్లన్నీ బయటికి తీసి మంచం మీద పరవండి. లేబుల్ అంటించే అంచున ఒక చివర చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. అది విరగకుండా ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో విరిచేయండి. అది లేని క్యాసెట్ మీద డెక్కు రికార్డు చేయదు. ఇంట్లో పిల్లలెవరైనా ఎర్ర బొత్తం నొక్కినా మీ పెళ్లి చెరిగిపోదు. తర్వాత మూడు కుప్పలుగా విడదీయండి. తెల్ల మచ్చలున్న రెండూ ఒక కుప్ప, సినిమాలు ఒక కుప్ప, మిగిలిన ఇంటి క్యాసెట్లు ఒక కుప్ప. మచ్చలున్న వాటిని వెంటనే వేరే గదిలో పెట్టండి. లేబుళ్ల మీద రాతలు వెలిసిపోతూ ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ తెల్లటిది బూజే. అది ఎందుకు పట్టిందో తెలిస్తే మిగతా వాటిని ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది. వీహెచ్ఎస్ అనే ఈ రకం క్యాసెట్ల రీలు అరంగుళం వెడల్పు ఉంటుంది. మూడు గంటల క్యాసెట్లో అది సుమారు 258 మీటర్లు. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అడుగున పాలిస్టర్ పొర, దాని మీద అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్ పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. బొమ్మ, మాట అంతా ఆ పొడిలోనే ఉంటాయి. పాలిస్టర్ గట్టిదే, చాలాకాలం ఉంటుంది. బలహీనం జిగురే. అది గాలిలోని తేమను పీల్చుకుని ఏళ్ల మీద విరిగిపోతుంది. మెత్తబడి బంకగా మారి, డెక్కులో రీలును చదివే మొన అయిన హెడ్‌కు అంటుకుంటుంది, లేదా పట్టు వదిలి పొడిగా రాలుతుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే, రీలు మీద పడిన దుమ్ము, వేలి జిడ్డు, ఈ జిగురు కలిసి బూజుకు తిండి అవుతాయి.

కావలిలో ఆ తేమకు కొదవ లేదు. పక్కనే తుమ్మలపెంట సముద్రం. రాష్ట్రంలో చాలాచోట్ల జూన్, జులైలో వానలు పడితే, మన నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్లూ అప్పుడే. వారాల తరబడి గోడలు చెమ్మగా ఉంటాయి, పెళ్లి పట్టుచీరలకే ముక్కవాసన వస్తుంది. బీరువా అడుగు అర అంటే నేల చెమ్మకు అన్నిటికంటే దగ్గర. సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది, అది క్యాసెట్ కంటే డెక్కు లోపలి స్విచ్చులనూ స్క్రూలనూ తుప్పు పట్టిస్తుంది. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి రిపేరుకు వచ్చిన డెక్కులకు మూత స్క్రూలు ఊడి రావడమే గగనంగా ఉండేది. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి వచ్చిన వాటిలో తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. పలకల పొడి హెడ్ దాకా చేరిన డెక్కును మార్కాపురం వాళ్లే తీసుకురాగలరు! ఆ ఊళ్ల వాళ్లకైతే బూజు గురించి ఇంత చెప్పేవాణ్ని కాదు.

బూజు పట్టిన రెండింటినీ ఏ డెక్కులోనూ వేయకండి. 'ఒక్క నిమిషం వేసి చూద్దాం' అన్నా వద్దు. బూజు పొడి హెడ్‌కు, రబ్బరు రోలరుకు అంటుకుంటుంది. ఆ తర్వాత వేసిన మంచి క్యాసెట్లన్నిటికీ అక్కడి నుంచే పాకుతుంది. తడి బూజును తుడవబోతే రీలు మీద పులుముకుంటుంది. అందుకని ముందు ఆరనివ్వాలి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఆ రెండింటినీ నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, రెండు మూడు వారాలు ఉంచండి. రంగు మారే రకం జెల్ అయితే, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగినప్పుడు మార్చాలి. ఆరిన బూజు పొడిబారి తేలిగ్గా ఊడుతుంది, కానీ చావదు. మళ్లీ చెమ్మ తగిలితే మళ్లీ లేస్తుంది. శుభ్రం చేయడమంటే క్యాసెట్ ప్లాస్టిక్ డొక్క విప్పి, రీలును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, పోగులు రాలని మెత్తటి బట్టతో రెండు వైపులా తుడుస్తూ మొత్తం 258 మీటర్లూ నడిపించడం. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని చేసే పని. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆ చాయలకే రానీయకూడదు. ఆ రెండూ సినిమా క్యాసెట్లయితే ఇంత శ్రమ వద్దు, కవర్లో చుట్టి పారేయండి. ఇంటివైతే మాత్రం బూజు క్యాసెట్లు శుభ్రం చేయడం అలవాటున్న వాళ్లకే ఇవ్వండి. చెన్నై మీకు రైలు దూరమే. అక్కడైనా, హైదరాబాదులోనైనా, ఇచ్చే ముందు 'బూజు పట్టిన వాటికి వేరే డెక్కు వాడతారా?' అని అడగండి. ఆ ప్రశ్న విని తెల్లముఖం వేసిన వాళ్లకు ఇవ్వకండి.

ఇక మన ఇళ్లలోని వైద్యాలు. చెమ్మ తగిలినదేదైనా ఎండలో పెట్టడం మనకు అలవాటు. క్యాసెట్లను మాత్రం పెట్టకండి. రోహిణి కార్తె ఎండకు డొక్క వంకర తిరుగుతుంది, లోపల చుట్టిన రీలు బిగుసుకుని అంచులు ముడతలు పడతాయి. కలరా ఉండలు కూడా వద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బియ్యం డబ్బాలో దాచడమూ మంచిది కాదు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. ఫ్రిజ్ అసలే వద్దు.

మంచి క్యాసెట్లకు బీరువాయే చాలు, కానీ నడుమ అర. బీరువా వెనక గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలి, అది వాన కొట్టే గోడ కాకూడదు. క్యాసెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాలు సర్దినట్టు నిలబెట్టండి. పడుకోబెడితే ఏళ్ల మీద రీలు కిందికి జారి అంచులు చక్రానికి ఒరుసుకుంటాయి. అట్ట కవర్లు చెమ్మనూ వెండి పురుగులనూ పిలుస్తాయి, ప్లాస్టిక్ పెట్టెలు నయం. రీలు మొత్తం ఒకే వైపుకు చుట్టి ఉండాలి. సగంలో ఆపి పెడితే ఆపిన చోటే రీలు బయటి గాలికి, దుమ్ముకు దొరుకుతుంది, అది పెళ్లిలో తలంబ్రాల దగ్గరే అయి ఉంటుంది! ఏడాదికోసారి చివరిదాకా నడిపి వెనక్కి చుట్టడం మంచి అలవాటు. కారు బొమ్మ ఆకారంలో రీవైండర్లు అమ్మేవాళ్లు గుర్తుందా? కొన్ని చివరికొచ్చాక కూడా లాగి రీలును చక్రం దగ్గర ఊడగొట్టేవి. ఇంట్లో ఉంటే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయండి.

అయస్కాంతాల భయం చాలామందికి ఉంటుంది. సెల్‌ఫోన్ దగ్గర పెడితే చెరిగిపోతుందని అడుగుతారు. అలా పోదు. జాగ్రత్త పడాల్సింది పెద్ద స్పీకర్ల దగ్గర. హోమ్ థియేటర్ వూఫర్ మీద క్యాసెట్లు పేర్చకండి. రెండు మూడు అడుగుల ఎడం ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు డెక్కు. మీ మెకానిక్ చెప్పినదాంట్లో కొంత నిజముంది. కొత్త డెక్కులు ఎక్కడా తయారు కావడం లేదు. చివరిదాకా చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. హెడ్లు అమర్చి ఉండే డ్రమ్ పూర్తిగా అరిగిపోతే కొత్తది దొరకదు. కానీ ఇళ్లలో మూలన పడిన డెక్కులు ఎక్కువగా చెడేది హెడ్ వల్ల కాదు, రబ్బరు, గ్రీజు వల్ల. బెల్టు వదులవుతుంది, లేదా కరిగి జిగురవుతుంది. చక్రాలు తిప్పే చిన్న రబ్బరు గట్టిపడి జారుతుంది. గ్రీజు ఎండిపోయి, రీలును డ్రమ్ చుట్టూ లాగే లోపలి చేతులు సగంలో ఇరుక్కుంటాయి. ఇవన్నీ కొలత చూసి మార్చగలిగినవి, శుభ్రం చేయగలిగినవి. కువైట్, దుబాయ్ డెక్కుల్లో మంచి సరుకే ఎక్కువ. పైగా మీది ఇంట్లో వాడినది. దసరాకు ఊళ్లో కలర్ టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవాళ్లు కదా, ఆ అద్దె డెక్కుల హెడ్లు పాపం రెండేళ్లకే అరిగిపోయేవి. మీ మామగారి డెక్కుకు ఆ చాకిరీ పడలేదు. కాబట్టి పారేయకండి, ఇంకో మెకానిక్‌ను చూడండి. నెల్లూరులోనో ఒంగోలులోనో టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పాతతరం వాళ్లు ఇంకా ఉన్నారు. సెల్‌ఫోన్ షాపులో అడిగి లాభం లేదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేలోపు మీరు చేయగలిగింది బయటి దుమ్ము దులపడమే. మూత విప్పాలని మీ వారు సరదా పడితే ఒక మాట చెప్పండి. ప్లగ్గు తీసి ఉన్నా పవర్ సప్లై వైపున్న పెద్ద కెపాసిటర్లలో మూడు వందల వోల్టుల పైన కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆ మూల చెయ్యి పెట్టకూడదు. విప్పగానే కనిపించేవి బల్లి గుడ్లు, చీమల మట్టి, కందిరీగ గూడు. అటక మీద పెట్టిన డెక్కుల్లో ఇవి మామూలే. మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు, నోటితో ఊదకండి.

హెడ్ శుభ్రం చేయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నిగనిగలాడుతూ గుండ్రంగా, కాస్త ఏటవాలుగా కనిపించేది డ్రమ్. మన దేశపు టీవీ పద్ధతి అయిన పీఏఎల్‌లో అది నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని అంచున కంటికి సరిగ్గా ఆనని మొనలు రెండో నాలుగో ఉంటాయి, అవే హెడ్లు. వాటిలో చీలిక మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. అందులో ఇసుమంత మడ్డి చేరినా బొమ్మంతా చుక్కలు. అప్పట్లో కొత్త రూపాయి నోటుతో హెడ్ తుడిచేవాళ్లు. ఆ వైద్యంతో కొన్ని డెక్కులు బతికాయి, కొన్ని చచ్చాయి. మంచి పద్ధతి ఏమిటంటే, దళసరి తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్ పక్కన కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్‌ను పై నుంచి నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పడం. కాగితాన్ని పైకీ కిందికీ కదిపితే హెడ్ మొన విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు ఇక్కడ పనికిరావు, పోగు తగులుకుని మొనను లాగేస్తుంది. ఆ ఆల్కహాల్ సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్‌లో జిగురు గుణమున్న గ్లిజరిన్ కలిపి ఉంటుంది, అది వద్దు. పెట్రోలు, కిరోసిన్ మాటే ఎత్తకండి. పిండి మరలా తిరిగే నల్ల రబ్బరు రోలరును మాత్రం తడి బట్టతో తుడిస్తే చాలు, ఆల్కహాల్ పదేపదే తగిలితే రబ్బరు ఎండిపోతుంది. పొడి రకం హెడ్ క్లీనర్ క్యాసెట్లు హెడ్‌ను గీకి శుభ్రం చేస్తాయి, మాటిమాటికీ వాడితే హెడ్డే అరుగుతుంది.

డెక్కు సిద్ధమయ్యాక మీ సినిమా క్యాసెట్లలో శుభ్రంగా ఉన్నది ఒకటి వేయండి. పది నిమిషాలు ఆడనివ్వండి. ఆపండి, ముందుకు తిప్పండి, వెనక్కి తిప్పండి, బయటికి తీయండి. తీశాక క్యాసెట్ పక్కనున్న చిన్న బొత్తం నొక్కి ముందు మూత లేపి, రీలును వేలితో తాకకుండా వెలుతురులో చూడండి. అంచులు తిన్నగా ఉంటే డెక్కు మంచిదే. పై అంచు నలిగితే మాట పోతుంది, ఎందుకంటే మామూలు ఆడియో గీత ఆ అంచునే ఉంటుంది. కింది అంచు నలిగితే బొమ్మను నిలకడగా ఉంచే గుర్తులు పోతాయి. మామగారి గొంతు కోసమే మీ ఆరాటం కాబట్టి, పై అంచు ఏమాత్రం నలుగుతున్నా ఆ డెక్కులో షష్టిపూర్తి క్యాసెట్ వేయనే వద్దు. మెకానిక్ సరిచేసేదాకా ఆగండి. సినిమా క్యాసెట్‌ను ఒక పూర్తి ఆట ఆడించి, మళ్లీ అదే పరీక్ష చేసి, అప్పుడు మీవి.

రీలు లోపల ఇరుక్కుంటే కంగారు పడి ఎజెక్టు పదే పదే నొక్కొద్దు. ప్లగ్గు తీసేయండి. క్యాసెట్‌ను పట్టి లాగకండి, కత్తెర తేకండి. మూత విప్పితే రీలు డ్రమ్ చుట్టూ తిరిగి ఉండటం కనిపిస్తుంది. దాన్ని డ్రమ్ చుట్టూ చుట్టే చిన్న మోటారు ఇరుసును చేత్తో నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ పోతే చేతులు వెనక్కి వస్తాయి, రీలు వదులవుతుంది. ఆ వదులును క్యాసెట్ చక్రం తిప్పి లోపలికి చుట్టాకే బయటికి తీయాలి. క్యాసెట్ బయట ఉండగా చక్రాలు తిరగకపోతే అవి చెడిపోయాయనుకోకండి. అడుగున నడిమధ్య ఉన్న చిన్న బెజ్జంలో పెన్ను మొన పెట్టి నొక్కితే బ్రేకు వదులుతుంది. ఈ పని చేయడానికి చేయి వణుకుతుందనుకుంటే డెక్కును అలాగే మెకానిక్ దగ్గరికి పంపండి, క్యాసెట్ లోపలే ఉన్నా ఒకటి రెండు రోజుల్లో కొంపలు మునగవు. రీలు తెగితే సెల్లో టేపు అంటించొద్దు. దాని జిగురు బయటికి కారి హెడ్‌కు పట్టుకుంటుంది. రీలు అతికే టేపు వేరే ఉంటుంది, దాన్ని కూడా రీలు వెనక వైపే అంటించాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఏసీ గదిలోంచి తెచ్చిన క్యాసెట్‌నో డెక్కునో ఉక్కగా ఉన్న హాల్లో వెంటనే ఆడించకండి. చల్లటి డ్రమ్ మీద చెమ్మ పేరుకుని రీలు దానికి అతుక్కుంటుంది. కొన్ని డెక్కులు డ్యూ (చెమ్మ) అని దీపం వెలిగించి మొరాయించేది అందుకే, చెడిపోయి కాదు. ఒక రోజంతా ఆ గదిలోనే ఉండనిచ్చి తర్వాత ఆడించండి. రెండోది, పాజ్. బొమ్మ ఆపి 'ఈయన ఎవరో చెప్పు' అని ఆటలాడుకుంటాం కదా, ఆ సేపంతా హెడ్లు సెకనుకు 25 చుట్లు తిరుగుతూ రీలు మీద ఒకే చోట రుద్దుతూనే ఉంటాయి. ఆ ముచ్చట కంప్యూటర్‌లో ఎక్కాక తీర్చుకోండి. ఉరుములు వచ్చే రోజున ఈ పని పెట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఆడపడుచు క్యాసెట్‌కు జబ్బేమీ లేదు. అమెరికా వాళ్లది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 525 గీతలు, సెకనుకు ఇంచుమించు 30 బొమ్మలు. మనది పీఏఎల్, 625 గీతలు, 25 బొమ్మలు. పొంతన కుదరక అలా దొర్లింది. గల్ఫ్ డెక్కుల్లో చాలావాటికి ముందో వెనకో సిస్టం అని ఒక స్విచ్ ఉంటుంది. పీఏఎల్, ఎన్‌టీఎస్‌సీ, మెసెకామ్ అని రాసి ఉంటుంది. మీ దానికి ఉందేమో వెతకండి. ఉంటే ఎన్‌టీఎస్‌సీకి తిప్పి వేయండి, టీవీలో కూడా కలర్ సిస్టంను ఆటోకు మార్చండి. అప్పట్లో మీ డెక్కుకు ఆ స్విచ్ ఉండి కూడా టీవీకి ఆ పద్ధతి తెలియకపోయి ఉండొచ్చు, నలుపు తెలుపులో రావడానికి చాలాసార్లు అదే కారణం. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ ఒక్క క్యాసెట్‌కు సెట్టింగు మార్చాలని గుర్తుంచుకోండి.

బొమ్మ అంతా చుక్కలు, మాట మాత్రం శుభ్రంగా ఉంటే హెడ్ మళ్లీ మురికి పట్టింది. అడ్డంగా చుక్కల పట్టీ ఒకటి కనిపిస్తే ట్రాకింగ్ బొత్తాలతో సరిచేయండి. ఒక్కో క్యాసెట్‌కు ఒక్కోలా ఉంటుంది, ఎందుకంటే వాటిని తీసిన కెమెరాలు వేరు. మాట సాగుతూ కుదించుకుంటూ వస్తే రబ్బరు రోలరును చూడాలి. ఆడుతుండగా కీచుమని చప్పుడు వచ్చిందా, వెంటనే ఆపండి, అది జిగురు బంకగా మారిన రీలు. ఆ క్యాసెట్ ఇంటి పనికి లొంగదు, బూజు వాటితో కలిపి చెన్నైకో హైదరాబాదుకో పంపాల్సిందే.

ఎక్కించడానికి డెక్కు వెనకనున్న పసుపు, తెలుపు సాకెట్లలోంచి వైరు తీసి, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌కు కలపాలి. మరీ చవకరకం పరికరాలు మధ్యమధ్యలో బొమ్మలు వదిలేస్తాయి, అరగంట గడిచేసరికి పెదాలకూ మాటకూ పొంతన ఉండదు. బంధువుల్లో ఎవరి దగ్గరైనా పాత డీవీడీ రికార్డర్ ఉంటే దానితో ఎక్కించినా బాగా వస్తుంది. వెడల్పు 720, ఎత్తు 576, సెకనుకు 25 బొమ్మలు, ఇది చాలు. ఆడపడుచు దానికి ఎత్తు 480. ఎంపెగ్-2 అనే ఫైలు రకంలో సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఎక్కిస్తే గంటకు దాదాపు 3.6 జీబీ అవుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు పదకొండు జీబీ అనుకోండి. క్యాసెట్ ఎంతసేపుంటే అంతసేపూ పడుతుంది, తొందర పెట్టే దారి లేదు.

స్టూడియో అబ్బాయికి ఇవ్వడంలో తప్పు లేదు. కానీ ఇచ్చే ముందు అతని డెక్కులో మీ సినిమా క్యాసెట్ ఒకటి మీ కళ్లెదుట వేయించి, అంచుల పరీక్ష చేయండి. అతను బూజు క్యాసెట్లు కూడా అదే డెక్కులో వేస్తాడని తెలిస్తే మీవి ఇవ్వకండి. అన్నీ ఒక్కసారే ఇవ్వకుండా మొదట అన్నప్రాసన క్యాసెట్ ఒక్కటే ఇచ్చి చూడండి. ఫైలును కుదించి చిన్నది చేయొద్దని, పాటలు కలపొద్దని, మొహాలు నునుపు చేసే సాఫ్ట్‌వేర్లు వాడొద్దని ముందే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు కావాలి. మెరుగులు తర్వాత కాపీ మీద దిద్దుకోవచ్చు. పెన్‌డ్రైవ్ అన్నది తెచ్చుకోవడానికే, దాచుకోవడానికి కాదు. హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఇంట్లో, అంటే అమెరికాలో ఆడపడుచు దగ్గర ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచండి. ఎక్కించిన ప్రతి ఫైలునూ మొదలు, మధ్య, చివర తెరిచి మాట వినిపిస్తోందో లేదో చూడండి. పిల్లలు ఓపిగ్గా కూర్చుంటే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని ఎవరు ఎవరో పేర్లు రాసుకోవడం కూడా ఇప్పుడే అయిపోతుంది.

పెళ్లి క్యాసెట్ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆ రోజుల్లో వీడియో వాళ్లు సాధారణంగా రెండు కాపీలు ఇచ్చేవాళ్లు. మగపెళ్లి వారికి ఒకటి, ఆడపెళ్లి వారికి ఒకటి. మీ బీరువాలో ఉన్నది ఆ రెండింటిలో ఒకటి. రెండోది మీ పుట్టింట్లో ఉండాలి. అది మీ దానికంటే తక్కువసార్లు ఆడి ఉండొచ్చు, చెమ్మ తక్కువ తగిలి ఉండొచ్చు. అమ్మ వాళ్లకు ఫోన్ చేసి, దాన్నీ ఇప్పుడే పలుకు విరిచి పక్కన పెట్టమనండి. షష్టిపూర్తికి వచ్చిన మామగారి అన్నదమ్ములు ఎవరైనా కాపీ తీయించుకున్నారేమో కూడా కనుక్కోండి.

డెక్కు అమ్మకం సంగతి. ఫైళ్లన్నీ చేతికొచ్చి, రెండు చోట్ల దాచి, తెరిచి చూసుకునేదాకా అమ్మకండి. క్యాసెట్లను మాత్రం ఆ తర్వాత కూడా పారేయొద్దు. ఎక్కించడంలో ఏ లోపమో బయటపడితే తిరిగి వెళ్లడానికి మూలం అవే కదా. డెక్కుకు పెద్ద ధర రాదు. కానీ ఆడుతున్న డెక్కు కోసం వెతికేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు, మీ వీధిలోనే ఇంకో ఇంటి బీరువాలో క్యాసెట్లు ఉండే ఉంటాయి. ఇచ్చే ముందు ప్లే బొత్తం ఒకసారి నొక్కి, లోపల క్యాసెట్ ఏదీ మిగిలిపోలేదని చూసుకోండి. నా దగ్గరికి అమ్మకానికి వచ్చిన డెక్కుల్లోంచి ఎవరివో పెళ్లిళ్లు బయటపడుతుండేవి.